సంచి ఎప్పుడు తీస్తారు అన్నదే మొదటి ప్రశ్న

ఈ మధ్య మన గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో డైవర్టిక్యులైటిస్ గురించి, అంటే పెద్దపేగు గోడలో లేచిన చిన్న తిత్తులు వాచే జబ్బు గురించి, ఒక సలహా తెగ తిరుగుతోంది. "డైవర్టిక్యులైటిస్ రెండుసార్లు వచ్చిందంటే ఇక ఆలోచించకండి, మూడోది రాకముందే పేగు కోయించేసుకోండి. లేకపోతే పగిలిపోతుంది." కింద చేతులు జోడించిన బొమ్మలు, "మంచి విషయం చెప్పారండి" అన్న జవాబులు.

ఇది ఎవరో కల్పించిన మాట కాదు. ఒకప్పుడు వైద్యంలో చెలామణీ అయినదే. అమెరికా పెద్దపేగు సర్జన్ల సంఘం 2000లో ఇచ్చిన సూచనల్లో రెండు దాడుల తర్వాత ఆపరేషన్ చేయించుకోవడం మంచిదనే ఉంది. 2006లో వాళ్ళే ఆ లెక్క మానేసి, మనిషిని చూసి నిర్ణయించండి అన్నారు. పేగు పగిలి ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి అదే మొదటి దాడి అని తేలడమే దానికి కారణం. మామూలు దాడులు రెండు మూడు దాటినవాడికి పగిలే ముప్పు పెరగదు సరికదా, మొదటిసారి కంటే తక్కువే. కాబట్టి "పగలకుండా ముందే కోసేద్దాం" అన్న మాటకి ఇవాళ బలం లేదు.

ఈ జబ్బులో ఆపరేషన్ కావాలా వద్దా, కావాలంటే ఏది అన్నదాన్ని దాడుల లెక్కతో తేల్చకూడదని నా వాదన. ఈ మనిషి చివరికి పొట్టమీద సంచి (పేగుని బయటికి తెచ్చినప్పుడు మలం పట్టడానికి అంటించేది) లేకుండా తిరుగుతాడా, ఎన్ని నెలలకి, ఈలోపు ఆ సంచితో ఎక్కడ, ఏ వాతావరణంలో, ఎవరి తోడుతో బతకాలి? ఆ లెక్క తేలాకే మిగతావి. పారిస్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో దీనికి వచ్చే జవాబు అంబాజీపేటలోనో ఐనవిల్లి లంకలోనో రాకపోవచ్చు.

కత్తి అక్కర్లేనివాళ్ళు

ముందు చాలామందిని ఈ చర్చలోంచి పక్కకి తీసేయాలి. సీటీ స్కాన్‌లో పేగు గోడ వాచి, చుట్టూ కొవ్వు మసకబారి, చీముగడ్డ గానీ బయట గాలి గానీ లేకపోతే అది మామూలు దాడి. దానికి ఆపరేషన్ లేదు. స్వీడన్, ఐస్‌లాండ్‌లలో 623 మంది మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం ఇలాంటివాళ్ళకి యాంటీబయాటిక్ ఇచ్చినా ఇవ్వకపోయినా కోలుకోవడంలో తేడా లేదని చూపించింది. నెదర్లాండ్స్‌లో 528 మంది మీద చేసిన అధ్యయనమూ అదే చెప్పింది. అయితే వాళ్ళందరికీ స్కాన్‌తో రోగం ఖాయమైంది, మర్నాడు మళ్ళీ చూసే వైద్యుడున్నాడు. స్కాన్ లేకుండా చేత్తో నొక్కి చూసి "మందులక్కర్లేదు" అనడం అది కాదు.

చీముగడ్డ ఉంటే దాని కొలత చూడాలి. 3 సెంటీమీటర్ల లోపుది యాంటీబయాటిక్‌కే తగ్గుతుంది. 3, 4 దాటితే అల్ట్రాసౌండ్ లేదా సీటీ చూస్తూ చర్మంలోంచి సన్నని గొట్టం పెట్టి చీము తీసేస్తారు. ఇది ఆపరేషన్‌ని తప్పించే పని, కనీసం అర్ధరాత్రి ఆపరేషన్‌ని తీరిక ఆపరేషన్‌గా మార్చే పని. గొట్టం పెట్టగల రేడియాలజిస్టు లేడన్న ఒక్క కారణంతో పొట్ట తెరిచే పరిస్థితి వస్తే, కాకినాడకో రాజమండ్రికో ఏలూరుకో పంపడమే ఆ రోగికి అసలు చికిత్స.

మన దగ్గర ఇంకో ముప్పుంది. ఎడమవైపు పొత్తికడుపు నొప్పి అనగానే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక డైక్లోఫినాక్ ఇంజెక్షన్, దాంతోపాటు ఒక డెక్సామెథసోన్ పడుతుంది. రెండూ ఈ జబ్బులో పేగు పగిలే ముప్పును పెంచేవే. పైగా స్టెరాయిడ్ జ్వరాన్నీ, పొట్ట బిగుసుకోవడాన్నీ కప్పేస్తుంది. మనిషి రెండు రోజులు బాగున్నట్టే ఉండి, మూడోరోజు బీపీ పడిపోయి వస్తాడు. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆముదం, ఎనిమా లాంటివి దాడి నడుస్తుండగా అసలు వద్దు.

పులస కాలంలో ఇంకో చిక్కు. మింగిన చేపముల్లు సిగ్మాయిడ్ (పెద్దపేగులో ఎడమవైపు కింది వంపు) దగ్గర పేగు గోడలో గుచ్చుకుంటే పైకి అచ్చం డైవర్టిక్యులైటిస్ లాగే ఉంటుంది. స్కాన్‌లో సన్నటి తెల్లని గీత వెతకాలి. నాలుగు రోజుల కింద పులుసు తిన్నామన్న సంగతి అడక్కపోతే ఎవరూ చెప్పరు. అడగాలి.

కుడివైపు వస్తే

తెల్లవాళ్ళలో ఈ జబ్బు దాదాపు ఎడమవైపు సిగ్మాయిడ్‌లోనే. ఆసియాలో, ముఖ్యంగా తూర్పు ఆసియాలో, కుడివైపు, పెద్దపేగు మొదలయ్యే సీకమ్ దగ్గర రావడం మామూలు. మనవాళ్ళలో రెండూ చూస్తాం. కుడివైపు వచ్చిందాన్ని అందరూ ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి అనుకుంటారు. అపెండిక్స్ తీద్దామని పొట్ట తెరిస్తే అపెండిక్స్ బాగానే ఉంటుంది, పక్కన సీకమ్ వాచి గట్టిపడి ఉంటుంది. అక్కడ తొందరపడకూడదు. పగలని తిత్తి వాపే అయితే దాన్ని వదిలేసి యాంటీబయాటిక్‌తో ముగించడం సరైన పని. కుడివైపు జబ్బు సాధారణంగా నెమ్మదిగా ఉండేదే. పగిలితేనో, క్యాన్సర్ గడ్డేమో అన్న అనుమానం తీరకపోతేనో కుడివైపు పెద్దపేగు తీసి, చిన్నపేగుని మిగిలిన పెద్దపేగుకి కలుపుతారు. ఈ కుట్టు బాగా అతుకుతుంది, సంచి అవసరం అరుదు. కాబట్టి సంచి గొడవంతా ఎడమవైపుదే.

అర్ధరాత్రి సంతకం

పేగు పగిలి పొట్టంతా చీమో మలమో నిండిపోయిన మనిషి వస్తాడు. 1978లో హించీ అనే సర్జను పెట్టిన లెక్కలో చీము నిండితే మూడో దశ, మలం నిండితే నాలుగోది. బయట వరండాలో కొడుకు, కోడలు, బావమరిది. కాగితం మీద సంతకం అడుగుతారు. "పాడైన పేగు తీసేసి సంచి పెడతామండి, మూడు నెలల తర్వాత కలిపేద్దాం." "ఆయ్, తమరెలా అంటే అలాగేనండి." అంతటితో అయిపోతుంది. ఆ "మూడు నెలల తర్వాత" అన్న మాట మీద ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు.

అలా చేసేది హార్ట్‌మన్ ఆపరేషన్. ఫ్రెంచి సర్జన్ ఆన్రీ హార్ట్‌మన్ 1921లో పెద్దపేగు చివరి భాగంలో వచ్చే క్యాన్సర్ కోసం చెప్పిన పద్ధతి. పాడైన సిగ్మాయిడ్ తీసేస్తారు. కింద మిగిలిన రెక్టమ్ (మలాశయం) మూతిని కుట్టేసి లోపలే వదిలేస్తారు. పై పేగు కొసని పొత్తికడుపు ఎడమవైపు బయటికి తెచ్చి కుడతారు. లోపల అతుకు ఉండదు కాబట్టి అతుకు లీకయ్యే భయమూ లేదు. అందుకే నూరేళ్ళుగా సర్జన్లకి ఇది ధైర్యమిచ్చిన ఆపరేషన్.

దీనికి చెల్లించే ధర రెండో ఆపరేషన్ దగ్గర తెలుస్తుంది. మళ్ళీ పొట్ట తెరవాలి, అతుక్కుపోయిన పేగుల్ని విడదీయాలి, కటిలో ముడుచుకుపోయిన రెక్టమ్ మూతిని వెతికి పట్టుకోవాలి. చాలామంది ఆ ఆపరేషన్‌కి చేరనే చేరరు. కొందరికి గుండె, ఊపిరితిత్తులు ఒప్పుకోవు. కొందరు "మళ్ళీ కోతా?" అని భయపడి ఆగిపోతారు. కొందరికి డబ్బు. ఫ్రాన్స్‌లో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో హార్ట్‌మన్ చేయించుకున్నవాళ్ళలో ఏడాదిన్నరకి సంచి తీసేసుకున్నవాళ్ళు 65 శాతం. అంటే ముగ్గురిలో ఒకరికి సంచి ఉండిపోయింది. అదే అధ్యయనంలో, మొదటి ఆపరేషన్‌లోనే పేగు కలిపి, ఆ అతుకుకి విశ్రాంతిగా పైన చిన్నపేగుతో తాత్కాలిక సంచి, అంటే లూప్ ఇలియాస్టమీ, పెట్టినవాళ్ళలో 96 శాతానికి అది పోయింది. 2019లో వచ్చిన నెదర్లాండ్స్ వాళ్ళ అధ్యయనం ఏడాది లెక్క చూసింది: కలిపినవాళ్ళలో 94.6 శాతం, హార్ట్‌మన్ వాళ్ళలో 71.7 శాతం సంచి లేకుండా ఉన్నారు. 2012లో స్విస్ సర్జన్లు ప్రచురించిన 62 మంది అధ్యయనంలోనూ సంచి తీసేసుకున్నవాళ్ళు కలిపినవాళ్ళలో 90 శాతం, హార్ట్‌మన్ వాళ్ళలో 57 శాతం. మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

కారణం కూడా అర్థమయ్యేదే. ఇలియాస్టమీ మూయడం చిన్న ఆపరేషన్. సంచి ఉన్న చోట చుట్టూ కోసి, పేగు లూపుని విడదీసి, కలిపి లోపలికి పంపితే సరి. చాలావరకు పొట్ట మొత్తం తెరవక్కర్లేదు. హార్ట్‌మన్‌ని వెనక్కి తిప్పడం మాత్రం మొదటి ఆపరేషన్ అంత పెద్దది, ఒక్కోసారి అంతకంటే కష్టం.

కాబట్టి నిలకడగా ఉన్న రోగికి హార్ట్‌మన్ అలవాటుగా చేసే ఆపరేషన్ కాకూడదు. కలపడమే మొదటి ఆలోచన కావాలి. ఎందుకు కలపలేదో ఆపరేషన్ నోట్సులో ఒక్క వాక్యం రాయాలి.

ఈ మాట కరాఖండిగా అనడానికి అడ్డొచ్చేవి ఉన్నాయి, చిన్నవి కావు. ఆ డచ్ (నెదర్లాండ్స్) అధ్యయనం తీసుకున్నది బీపీ నిలబడ్డవాళ్ళని, రోగనిరోధక శక్తి బాగున్నవాళ్ళని, 85 ఏళ్ళ లోపువాళ్ళని. నార్‌ఎడ్రినలిన్ డ్రిప్ మీద బీపీ నడుస్తున్నవాడు, స్టెరాయిడ్లు వాడుతున్నవాడు, కిడ్నీ మార్పిడి అయినవాడు ఈ లెక్కల్లో లేరు. వాళ్ళకి అతుకు లీకైతే ప్రాణమే పోతుంది. ఇంకొకటి, చేసే చెయ్యి. రాత్రి ఒంటిగంటకి మన డెల్టా పట్నంలో ఒక నర్సింగ్ హోమ్. ఒక్క జనరల్ సర్జను, పక్క ఊరి నుంచి రావలసిన మత్తు డాక్టరు, ఐసీయూలో ఒకటే వెంటిలేటరు. అక్కడ హార్ట్‌మన్ చేసినవాడు తప్పు చేశాడని నేననను. తన దగ్గరున్న వాటితో ప్రాణం నిలబెట్టాడు.

అయితే ఆ సర్జను ముందు ఇంకో దారి ఉంటుంది: పంపడం. రోగి బీపీ నిలకడగా ఉంటే, ముందు పెద్ద సూది పెట్టి సెలైన్ ఎక్కించి, పిపరాసిలిన్-టాజోబాక్టమో, సెఫ్ట్రియాక్సోన్ మెట్రోనిడజోల్ కలిపో యాంటీబయాటిక్ మొదటి డోసు ఇచ్చి, ముక్కులో గొట్టం, మూత్రానికి గొట్టం పెట్టి, స్కాన్ సీడీ చేతికిచ్చి, అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి పంపాలి. అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా కాకినాడ గంటన్నర, రెండు గంటల దారి. ఆ రెండు గంటలు ఎలాగూ సెలైనూ యాంటీబయాటిక్కూ పనిచేయడానికి కావలసినవే. బీపీ పడిపోతున్న మనిషిని మాత్రం రోడ్డెక్కించకూడదు. వాడికి ఉన్నచోటే పాడైన పేగు తీసేయాలి. కలపడమో సంచో తేల్చకుండా రెండు కొసలూ మూసి, పొట్ట తాత్కాలికంగా మూసి ఐసీయూలో వేడెక్కించి, 24 నుంచి 48 గంటల్లో మళ్ళీ తెరిచి చూసే పద్ధతి ఉంది. కాకపోతే దానికి మంచి ఐసీయూ కావాలి.

కడిగి వదిలేస్తే చాలదా?

కొందరు సర్జన్లు ఇష్టపడే మధ్యేమార్గం కూడా ఉంది. ల్యాప్రోస్కోప్‌తో (చిన్న కన్నంలోంచి పంపే కెమెరాతో) చూసి, చీము పీల్చేసి, గోరువెచ్చని సెలైన్ లీటర్ల కొద్దీ పోసి కడిగి, మిగిలింది కారిపోయే గొట్టాలు పెట్టి వచ్చేయడం. పేగు కోయరు, సంచి లేదు. 2008లో ఐర్లండ్ నుంచి వచ్చిన ఫలితాలు చూసి అందరికీ ఆశ పుట్టింది. తర్వాత అసలు పరీక్షలు జరిగాయి. నార్వే, స్వీడన్‌లలో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో కడిగినవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. పేగు తీసినవాళ్ళలో 6 శాతం లోపే. కడగడం మీద డచ్ వాళ్ళు మొదలుపెట్టిన అధ్యయనాన్నయితే మధ్యలోనే ఆపేశారు. పైగా పేగు తీయకపోతే దాన్ని సూక్ష్మదర్శిని కింద చూసేవాడుండడు. నార్వే, స్వీడన్ అధ్యయనంలో కడిగినవాళ్ళలో నలుగురికి సిగ్మాయిడ్ క్యాన్సర్ మొదట దొరక్కుండా పోయింది.

నాకు దీనిమీద గట్టి అభ్యంతరమే ఉంది. కడిగినచోట మళ్ళీ చీము చేరుతోందా అని మర్నాడు, మూడోనాడు, ఐదోనాడు చూస్తూ, అవసరమైతే అదే రాత్రి మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళగల ఆసుపత్రిలోనే అది నడుస్తుంది. లంక ఊరి మనిషిని కడిగి నాలుగోరోజు ఇంటికి పంపితే, ఆ తర్వాత జ్వరం వచ్చేది ఏటి అవతల. వరదొచ్చి పంటు ఆగిందంటే సఖినేటిపల్లి నుంచి నర్సాపురం కూడా దూరాభారమే. మలం నిండిన నాలుగో దశలో కడగడం అన్న ప్రశ్నే లేదు.

కోనసీమ ఎండలో ఇలియాస్టమీ

నేను పైన పొగిడిన ఇలియాస్టమీ మీద నాకే పెద్ద సందేహం ఒకటి ఉంది. దీన్ని పాశ్చాత్య లెక్కలు తీర్చవు.

హార్ట్‌మన్ సంచిలోకి వచ్చేది దాదాపు గట్టి మలం. ఇలియాస్టమీ సంచిలోకి వచ్చేది నీళ్ళ విరేచనం. పెద్దపేగు దాకా వెళ్ళి నీరూ ఉప్పూ తిరిగి ఒంట్లోకి చేరవలసింది మధ్యలోనే బయటికి పోతుంది. రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా మామూలు. లీటరున్నర దాటిందంటే ప్రమాదం. ఒక్కో లీటరుతో సుమారు 6 గ్రాముల ఉప్పు పోతుంది. డచ్ రోగికి మంచు కురిసే ఊళ్ళో ఇది ఓ ఇబ్బంది, అంతే. మే నెలలో రావులపాలెంలో అరటితోట పనికో, రొయ్యల చెరువు గట్టు మీదికో వెళ్ళే మనిషికి చెమటగా పోయే ఉప్పు దీనికి తోడవుతుంది. మూడోవారానికి కాళ్ళు పీకుతాయి, లేస్తే కళ్ళు తిరుగుతాయి, మూత్రం చుక్కలు చుక్కలుగా వస్తుంది. కిడ్నీ దెబ్బతింటోందని చెప్పే క్రియాటినిన్ పెరిగి ఆసుపత్రికి తిరిగి వస్తాడు. ఇలియాస్టమీ వాళ్ళు మళ్ళీ ఆసుపత్రి పాలవడానికి అన్నిచోట్లా మొదటి కారణాల్లో ఒకటి ఇదే.

ఇక్కడ మన అలవాటు ఒకటి ప్రమాదాన్ని పెంచుతుంది. కోనసీమలో జబ్బుపడ్డవాడి చేతికి ముందిచ్చేది కొబ్బరి బొండాం. ఈ రోగికి పోయేది సోడియం. బొండాం నీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. రోజుకి ఆరేడు బొండాలు తాగి, "నీళ్ళు బాగానే తాగుతున్నానండీ" అంటాడు. నీరసం మాత్రం తగ్గదు. కిడ్నీ అప్పటికే దెబ్బతింటే ఆ పొటాషియం గుండెకి ప్రమాదం. ఉత్త మంచినీళ్ళూ అంతే. ఉప్పు లేని నీళ్ళు ఎక్కువ తాగితే చిన్నపేగు తన ఉప్పుని ఆ నీళ్ళలోకి వదులుతుంది, సంచి ఇంకా నిండుతుంది, మనిషి ఇంకా ఎండిపోతాడు.

తాగవలసింది ఉప్పు, గ్లూకోజ్ కలిసిన నీళ్ళు. లీటరు నీళ్ళకి గ్లూకోజ్ పొడి 20 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, వంటసోడా 2.5 గ్రాములు కలిపి రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. సంచి మరీ నిండుతున్న రోజుల్లో ఉత్త నీళ్ళు, బొండాం, టీ అన్నీ కలిపి లీటరు దాటకూడదు. ఉప్పేసిన గంజి, పల్చటి ఉప్పు మజ్జిగ, మెత్తటి అన్నం, అరటిపండు సంచిలోకి వచ్చేదాన్ని చిక్కపరుస్తాయి. అయినా తగ్గకపోతే భోజనానికి అరగంట ముందు విరేచనం తగ్గించే లోపరమైడ్ మాత్ర. ఇదంతా డాక్టరు చెప్పిన మోతాదులోనే. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి ఈ ఉప్పు లెక్క వేరుగా వేయాలి. ఇంట్లో ఒక కొలత పాత్ర పెట్టుకుని సంచిలోంచి ఎంత పోయింది, మూత్రం ఎంత అయింది అని రెండు అంకెలు రోజూ రాసుకోవాలి. సంచి లీటరున్నర దాటినా, మూత్రం అరలీటరుకి తగ్గినా అదే రోజు రక్తపరీక్ష.

సంచి అంటుకోవడం ఇంకో చిక్కు. మన ఉక్కపోతకి జిగురు ఊడిపోతుంది. సంచిని చర్మానికి పట్టి ఉంచే ప్లేటు నాలుగు రోజులు ఉండవలసింది రెండో రోజుకే కారుతుంది. ఇలియాస్టమీ ద్రవం చర్మాన్ని కొరికేస్తుంది, పుండు పడ్డ చర్మానికి జిగురు ఇంకా అంటుకోదు. ప్లేటు మధ్య రంధ్రం పేగు మూతి కంటే 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కోయాలి. వాపు తగ్గేకొద్దీ మూతి చిన్నదవుతుంది కాబట్టి మొదటి నెలన్నర వారం వారం కొలిచి కోయాలి. సంచి సగం నిండకముందే ఖాళీ చేయాలి. పేగు మూతిని చర్మం కంటే 2 నుంచి 3 సెంటీమీటర్లు పైకి ముక్కులా కుట్టడం సర్జన్ పని. చర్మానికి సమంగా కుట్టిన ఇలియాస్టమీకి ఏ కంపెనీ ప్లేటూ ఆగదు.

సంచి చోటు ఆపరేషన్‌కి ముందే, రోగి మెలకువగా ఉన్నప్పుడే గుర్తుపెట్టాలి. కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూసి, మడత పడని చోట మార్కరుతో చుక్క పెట్టాలి. మన మగవాళ్ళ లుంగీ ముడి, ఆడవాళ్ళ లంగా బొందు పడే గీత మీద ఆ చుక్క రాకూడదు. అర్ధరాత్రి అయినా ఇది రెండు నిమిషాల పని. ఏది చేయవలసి వస్తుందో తెలియదు కాబట్టి కుడివైపొకటి, ఎడమవైపొకటి రెండు చుక్కలు పెట్టాలి.

ఇవన్నీ లెక్కలో వేసుకున్నాక కూడా కలిపి ఇలియాస్టమీ పెట్టడమే మేలంటానా? ఇంట్లో చూసుకునే మనిషి, పక్క పట్నంలో రక్తపరీక్ష, అందుబాటులో ఫోన్ ఉంటే అంటాను. ఒంటరిగా ఉండే డెబ్భై అయిదేళ్ళ ముసలాయన, ఏటి అవతల లంకలో, ఏప్రిల్ నెలలో అయితే ఆగుతాను. అతనికి గట్టి మలం వచ్చే ఎడమవైపు సంచే బతుకు నిలబెట్టవచ్చు. నిలకడగా ఉన్న రోగిలో అతుకు చక్కగా వస్తే ఇలియాస్టమీ కూడా పెట్టకుండా కలిపే వీలుంది. డచ్ అధ్యయనంలో కొందరికి అలాగే చేశారు. అది అనుభవమున్న చేతికే వదలాలి.

తీరిగ్గా చేసేది

దాడి తగ్గి కనీసం ఆరు వారాలయ్యాక చేసే ఆపరేషన్ వేరే కథ. అప్పుడు ల్యాప్రోస్కోప్‌తో పేగు తీసి అక్కడికక్కడే కలపవచ్చు, ఎక్కువమందికి సంచి ఉండదు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూడడం) చేసి క్యాన్సర్ లేదని చూడాలి.

ఇది ఎవరికి కావాలి? పేగు సన్నబడి మూసుకుపోతున్నవాళ్ళకి, క్యాన్సర్ అనుమానం తీరనివాళ్ళకి, దాడికీ దాడికీ మధ్య కూడా నొప్పి వదలనివాళ్ళకి, పెద్ద చీముగడ్డ మళ్ళీ మళ్ళీ చేరేవాళ్ళకి. అన్నిటికంటే ముఖ్యంగా, పేగుకీ మూత్రాశయానికీ మధ్య దారి పడ్డవాళ్ళకి. వీళ్ళు మన దగ్గర నెలల తరబడి "యూరిన్ ఇన్ఫెక్షన్" పేరుతో తిరుగుతారు. మూత్రం కల్చర్‌లో పేగులో ఉండే ఈకొలై అనే సూక్ష్మజీవి వస్తుంది, కోర్సు వాడగానే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. మూత్రం పోసేటప్పుడు బుడగలు, చప్పుడు వస్తున్నాయా అని ఒక్కరు అడిగితే తేలిపోతుంది. సిగ్గుపడి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. ఆడవాళ్ళలో గర్భసంచి ఉంటే అది పేగుకీ మూత్రాశయానికీ మధ్య అడ్డుగోడ. మన రాష్ట్రంలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు మరీ ఎక్కువ. ఆ అడ్డు లేనివాళ్ళకి మూత్రాశయానికే కాదు, యోనికీ దారి పడుతుంది. అక్కణ్ణుంచి గాలి, మలం వస్తుంటే "తెల్లబట్ట" అని మందులు మింగుతూ కూర్చోకూడదు. పాడైన పేగు తీసి కలిపితే మూత్రాశయం కన్నం చాలాసార్లు చిన్నదే. కుట్టి, వారం పదిరోజులు మూత్రం గొట్టం ఉంచితే మానుతుంది.

దాడుల వల్ల బతుకు కుంటుపడ్డవాళ్ళకి ఆపరేషన్ మంచిదేనని డచ్, ఫిన్లండ్ అధ్యయనాలు చూపించాయి. ఆపరేషన్ అయినవాళ్ళ రోజువారీ జీవితం మెరుగుపడింది. కానీ డచ్ అధ్యయనంలో వాళ్ళలో సుమారు 15 శాతానికి అతుకు లీకై మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. లీకైతే తీరిక ఆపరేషనే సంచి ఆపరేషన్ అవుతుంది. ఏడాదికోసారి నాలుగు రోజులు నొప్పి పడేవాడికి ఆ బేరం గిట్టదు. నెలకోసారి పడి పని మానుకునేవాడికి గిట్టవచ్చు. దాడుల సంఖ్య కంటే అవి తిన్న పనిరోజులు లెక్కపెట్టడం మేలు.

జబ్బు మళ్ళీ రాకుండా ఉండడం ఎక్కువగా ఒక్క వివరం మీద ఆధారపడుతుంది: కింద కోత ఎక్కడ పడింది? పెద్దపేగు మీద పొడుగునా నడిచే మూడు కండర పట్టీలు రెక్టమ్ దగ్గర కలిసిపోయి కనబడకుండా పోతాయి. కోత అక్కడికి దిగాలి. పైనే ఆపి మిగిలిన సిగ్మాయిడ్‌కి కలిపితే జబ్బు తిరిగొచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. పై కోత మాత్రం పేగు మెత్తగా ఉన్నచోట వేస్తే చాలు. పైన కనబడిన తిత్తులన్నీ తీసుకుంటూ పోనక్కర్లేదు. రెండు కొసలూ లాగినట్టు కాకుండా వదులుగా కలవాలి. అందుకు చాలాసార్లు ప్లీహం దగ్గరి మలుపుని కూడా విడదీసి కిందికి దించాలి. వాచి గట్టిపడిన పేగు వెనకే ఎడమ మూత్రనాళం ఉంటుంది, ముందు దాన్ని కళ్ళతో చూశాకే కత్తిరింపు. పేగు కొసల్ని కలిపే స్టేప్లర్ పేల్చాక లోపలినుంచి వచ్చే రెండు రింగులూ తెగకుండా పూర్తిగా ఉన్నాయా చూడాలి. కటిలో సెలైన్ పోసి, కిందనుంచి గాలి ఊది, బుడగలు రావడం లేదని తేల్చుకోవాలి. బుడగ వస్తే ఆ క్షణమే కుట్టాలి, లేదా పైన ఇలియాస్టమీ పెట్టాలి.

తిండి గురించి ఒక్క మాట. నువ్వులు, వేరుశెనగ, జామగింజలు తిత్తుల్లో ఇరుక్కుంటాయని భయపడక్కర్లేదు. 47 వేల మందికి పైగా మగవాళ్ళని 18 ఏళ్ళు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో గింజలు, పాప్‌కార్న్ తినేవాళ్ళకి ఈ జబ్బు ఎక్కువ రాలేదు.

రెండో ఆపరేషన్ తేదీ

సంచి ఉండిపోవడానికి వైద్యకారణాలు కొన్నే. మిగతాది ఎవరూ పట్టించుకోకపోవడం. మొదటి సర్జన్ "మూడు నెలలకి రండి" అంటాడు. రోగి వరికోతలయ్యాక అనుకుంటాడు, తర్వాత మనవరాలి పెళ్ళి, తర్వాత వరద. రెండో ఏడు వచ్చేసరికి మొదటి ఆసుపత్రి కాగితాలుండవు.

అందుకే డిశ్చార్జి రోజునే ఇవన్నీ కాగితం మీద ఉండాలి: రెక్టమ్ మూతి ఎంత పొడవు మిగిలింది, దానికి నీలం ప్రోలీన్ దారాలు గుర్తుగా వేశారా, తీసిన పేగు బయాప్సీలో ఏం వచ్చింది, మళ్ళీ చూపించుకునే తేదీ ఏది. ఇలియాస్టమీ అయితే 8 నుంచి 12 వారాలు. మూసేముందు కిందనుంచి రంగుమందు ఎక్కించి అతుకు మానిందో లేదో ఎక్స్‌రేలో చూడాలి. హార్ట్‌మన్ అయితే 3 నుంచి 6 నెలలు. ముందు సంచి మూతి గుండానూ కింద రెక్టమ్ గుండానూ కొలనోస్కోపీ చేయాలి. మూసే ఆపరేషన్ మే నెలలోకి జరగకుండా చూసుకుంటే ఇలియాస్టమీ మనిషికి సగం బాధ తప్పుతుంది. ఎన్టీఆర్ వైద్యసేవ కింద మొదటి ఆపరేషన్ జరిగితే, రెండోదానికి అనుమతి ఎలా, ఏ ఆసుపత్రిలో అన్నది ఆరోగ్యమిత్రని అదే రోజు అడిగి రాయించుకోవాలి. సంచులూ ప్లేట్లూ ఎక్కడ దొరుకుతాయో కూడా అప్పుడే కనుక్కుని, వరదల ముందు కనీసం నెలకి సరిపడా తెచ్చి పెట్టుకోవాలి.

కొందరికి సంచి ఇక తీయలేమని మొదటి రోజే తెలిసిపోతుంది: గుండె బాగా దెబ్బతిన్నవాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు, మలద్వార కండరం పట్టు కోల్పోయినవాళ్ళు. వాళ్ళకి "చూద్దాంలెండి" అని చెప్పి పంపడం అన్యాయం. ఉండిపోయే సంచి అని తెలిస్తే కుటుంబం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, మంచి ప్లేటు కొంటుంది, డాక్టరు సరేనంటే రోజుకోసారి పేగు మూతిలోంచి నీళ్ళు ఎక్కించి పేగు ఖాళీ చేసుకునే పద్ధతి నేర్చుకుంటుంది. అలా చేసుకుంటే ఆ తర్వాత చాలాసేపు సంచిలోకి ఏమీ రాదు. ఆ పద్ధతి ఎడమవైపు కొలాస్టమీకే, అంటే పెద్దపేగుతో పెట్టిన సంచికే, పనికొస్తుంది, ఇలియాస్టమీకి కాదు. నేర్పడానికి ఒక నర్సు, కొంత సమయం, నెల తర్వాత ఇంకోసారి చూడడం చాలు.